ఎడమ చేయి ఎత్తినవాళ్లు

నా దగ్గర పాఠం చెప్పడం నేర్చుకున్నవాళ్లెవరూ ఫైనల్ లెసన్‌లో ఫెయిల్ కాలేదు. ఈ మాట నా నోటితో నేనే చెప్పుకుంటే గొప్పలకు పోయినట్టుంటుందని తెలుసు. అయినా చెప్తున్నాను. మార్కాపురంలో బీఎడ్ చదివేవాళ్లు ఇంటర్న్‌షిప్‌కు బడి ఎంచుకునేటప్పుడు మా హైస్కూలు పేరు ముందు రాయడానికి కారణం అదొక్కటే. వేరే కారణం ఉండే వీల్లేదు. కంభం దాటాక బస్సు దిగి, కిలోమీటరు పైన ఎండలో నడిస్తేగాని మా బడి రాదు. దారిలో నీడంటే తుమ్మచెట్టు నీడే. తీరా చేరాక తాగడానికి చల్లటి నీళ్లు కూడా ఉండవు.

అక్కడ నేను సాంఘికశాస్త్రం చెప్తాను. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఏటా కాలేజీ నుంచి నలుగురైదుగురు వస్తారు. కొన్ని నెలలు మా తరగతుల్లో పాఠాలు చెప్పి, చివర్లో పై ఊరి నుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు ఒక్క పాఠం చెప్పి పోతారు. దాన్నే ఫైనల్ లెసన్ అంటారు. అది బాగా జరిగితే చదువు గట్టెక్కినట్టే. అందుకు వాళ్లను తయారు చెయ్యడం నా వంతు. అందులో నాకొక చిట్కా ఉంది.

టీచరు ప్రశ్న అడగ్గానే తరగతిలో అందరూ చెయ్యి ఎత్తాలి. ఒక్క చెయ్యి కూడా కింద ఉండకూడదు. జవాబు తెలిసినవాళ్లు కుడి చెయ్యి ఎత్తాలి. తెలియనివాళ్లు ఎడమ చెయ్యి. టీచరు కుడి చేతులనే లేపుతుంది. వెనక కుర్చీలో కూర్చున్న ఎగ్జామినర్‌కు కనపడేది చేతుల అడవి. అడిగిన ప్రతివాడూ టకటకా చెప్తుంటే, ఈ టీచరు ఎంత బాగా చెప్పిందో అని ఆయన మార్కులు వేసేస్తాడు. ఇది నేను కనిపెట్టింది కాదు. నా బీఎడ్ రోజుల్లో మా గైడ్ టీచరు నా చెవిలో వేసిన రహస్యం. ఆమెకు ఎవరు చెప్పారో ఆమెనే అడగాలి.

నా ఫైనల్ లెసన్‌లో మాత్రం ఈ చిట్కా నా కొంప ముంచినంత పని చేసింది. నేను పిల్లలకు ఎదురుగా నిలబడ్డాను కదా, వాళ్ల కుడి నాకు ఎడమవైపున ఉంటుంది. ఆ సంగతి కంగారులో బుర్రకు ఎక్కలేదు. నా కుడివైపు లేచిన చేతులను పట్టుకుని వరసగా ముగ్గురిని లేపాను. ముగ్గురూ నోరు తెరవకుండా నన్నే చూస్తూ నిలబడ్డారు. మూడోవాడికైతే కళ్లనీళ్లు. మాట ప్రకారం ఎడమ చెయ్యే ఎత్తానే, ఈమె నన్నెందుకు లేపింది అని వాడి బాధ. నాలుగోసారికి తెలివి తెచ్చుకుని బయటపడ్డాను. అప్పటినుంచి నా దగ్గరికొచ్చే ట్రైనీలకు మొదటిరోజే చెప్తాను, వాచీ ఎడమ చేతికి పెట్టుకోండి, మీ వాచీ వైపు లేచిన చేతులే పిల్లల కుడి చేతులు అని. ఇది మాత్రం నా సొంత తెలివి.

అధికారులు చెప్పి రారు. ఒక్కోసారి తెల్లకారు గేటు దగ్గర ఆగాక తెలుస్తుంది. అందుకని ఈ అలవాటు ఒక్క ఫైనల్ లెసన్‌కు దాచిపెట్టలేదు. ఆరో తరగతిలో చేరిన వారంలోనే పిల్లలకు నేర్పించేసేదాన్ని. ఏడాది పొడుగునా మా తరగతిలో చేతులు అట్లాగే లేస్తాయి. నా తరగతి చూసి ముచ్చటపడని అధికారి లేడు. నాకూ అది ముచ్చటే. తప్పనే ఆలోచనే రాలేదు నాకు.

మొన్నటేడు వచ్చిన బ్యాచ్‌లో ఒకామె ఉంది. ముప్ఫై నాలుగేళ్లు, ఇద్దరు పిల్లల తల్లి. కంభంలో వాళ్లాయనకు సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే కుటుంబం. పెళ్లయ్యాక పదేళ్లు ఆమె ఆ దుకాణం కౌంటర్‌లో కూర్చుని రీఛార్జీలు, జెరాక్సులు చూసుకుంది. ఆ కౌంటర్‌లో కూర్చునే డిగ్రీ చదివింది, అక్కడే బీఎడ్ ఎంట్రన్స్ రాసింది. ముందటేడు వేరే బడిలో ఫైనల్ లెసన్‌లో తప్పింది. పాఠం మధ్యలో ఒక పిల్లవాడు ప్లాన్‌లో లేని ప్రశ్న అడిగాడట. ఈమెకు జవాబు తెలియలేదు. తెలియదని చెప్పడానికి భయం, తెలిసినట్టు చెప్పడానికి మనసొప్పలేదు. అట్లాగే నిలబడిపోయింది. ఎగ్జామినర్ కాసేపు చూసి, ఫైలు మూసుకుని పక్క గదికి వెళ్లిపోయాడట.

ఇంట్లో ఇంకొక్క ఏడాది అన్నారు. అత్తగారు పిల్లలను చూసుకుంటున్నది, కానీ ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఈసారి కూడా తప్పితే ఇక కాలేజీ మాట ఎత్తకూడదని, దుకాణంలోనే కూర్చోవాలని పెద్దవాళ్ల సమక్షంలో ఒప్పుకుని వచ్చింది. ఇదంతా మొదటిరోజే, బస్సు దిగి బడికి నడుస్తూ నాకు చెప్పేసింది. ఏడుస్తూ కాదు. ఊరికే, ఎవరిదో సంగతి చెప్పినట్టు. వాళ్లాయన మంచివాడే, ఒకరోజు బండి మీద దించడానికి వచ్చి, "అక్కా, ఈసారి ఎట్లయినా మీరే చూసుకోవాల" అన్నాడు. ఇంకేముంది, నేను పొంగిపోయాను. నా చేతిలో పడ్డాక తప్పడమేంది నాయనా, నిశ్చింతగా పో అని పంపేశాను.

ఆమెలో నాకు నచ్చనిది ఒకటే, ఫోన్. లెసన్ ప్లాన్ రాసుకుని రమ్మంటే, పక్కరోజు తెల్లారేసరికి ముత్యాల్లాంటి అక్షరాలతో ముప్ఫై పేజీలు తెచ్చింది. ఎప్పుడు రాశావమ్మా అంటే, ఫోన్‌లో అడిగితే అదే రాసిచ్చింది మేడమ్, నేను దుకాణంలో ప్రింటు తీసుకున్నా అంది. ఇరవై ఆరేళ్లుగా నేను ఒక్కో లెసన్ ప్లాన్ వేళ్లు నొప్పి పుట్టేట్టు రాసినదాన్ని. నాకు ఒళ్లు మండింది. అయినా చదివాను. పాఠం పేరు భూగర్భ జలాలు. మొదటి ప్రశ్న, 'మీ ఊరికి నీరు ఎక్కడి నుండి వస్తుంది?' దాని కిందే రావలసిన జవాబు కూడా రాసి పెట్టింది ఆ ఫోను, 'నది నుండి.'

సరే, అడిగి చూడమన్నాను. ఎనిమిదో తరగతిలో నిలబడి ఆమె ఆ ప్రశ్న అడిగింది. పిల్లలంతా ఒక్క గొంతుతో "ట్యాంకర్ నుంచి" అన్నారు. నేను వెనక బెంచీలో కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాను. ఆమె కూడా నవ్వింది. సిగ్గుపడుతుందేమో అనుకున్నాను, పడలేదు. ఆ ముప్ఫై పేజీలను మడిచి సంచిలో పెట్టుకుని, ట్యాంకర్‌లోకి ఎక్కణ్ణుంచి వస్తాయి అని రెండో ప్రశ్న అప్పటికప్పుడు అడిగింది. ఆ క్షణంలో ఆమె మీద నాకు గురి కుదిరింది.

ఆ నెలలోనే కాలేజీవాళ్లు ఒక సదస్సు పెట్టి మమ్మల్ని కూడా పిలిచారు. రేపటి ఉపాధ్యాయుడు ఎట్లా ఉండాలనేది విషయం. వచ్చినాయన బాగా చదువుకున్న మనిషి. ఇకమీద పాఠం చెప్పడం యంత్రాలు చూసుకుంటాయి, జవాబులన్నీ అవే ఇస్తాయి, టీచర్లు మారకపోతే నిలబడలేరు అని తెరమీద బొమ్మలు వేసి చూపించాడు. సగంలో కరెంటు పోయింది. ఇన్వర్టరు ఆ తెరను మోయలేదట. కరెంటు వచ్చేదాకా ఆయన ముందు కుర్చీలో కూర్చుని కర్చీఫ్‌తో విసురుకున్నాడు. నేను లోలోపల సంతోషించాను, అబద్ధమెందుకు. కానీ నా పక్కన కూర్చున్న ఈమె నవ్వలేదు. మా మామ రోజూ ఇదే అడుగుతాడు మేడమ్, ఫోనే అన్నీ చెప్తాంటే ఇంక మీరేందికి అంటాడు, నాకు జవాబు తోచదు అంది. నేను పెద్దరికంగా, ముందు పాసవ్వు తల్లీ, తర్వాత జవాబు చెబుదువు అన్నాను. నా దగ్గర మాత్రం జవాబు ఉందా ఏంది? మా బడికి కూడా పెద్ద టీవీ బోర్డు వచ్చింది. వేలు పెట్టి తోస్తే భూమండలం గిర్రున తిరుగుతుంది. దాని ముందు నిలబడితే ఒక్కోసారి నాకే నేను ఎందుకున్నానో తెలియదు.

ఫైనల్ లెసన్‌కు వారం ముందు చిట్కా విప్పాను. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, వాచీ, అన్నీ వివరంగా. మిగిలిన ట్రైనీలు కళ్లు పెద్దవి చేసుకుని రాసుకున్నారు. ఈమె మాత్రం ఒకే మాట అడిగింది. ఎడమ చెయ్యి ఎత్తినవాళ్లను ఎప్పుడు అడుగుతారు మేడమ్? పాఠం అయ్యాక చూసుకోవచ్చులే అన్నాను. ఎప్పుడూ చూసుకోలేదని నాకు తెలుసు. గంట కొడతారు, పక్క తరగతి ఉంటుంది, మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో ఫోటోలు ఎక్కించడం, ఇంతలో సాయంత్రమవుతుంది. అదంతా ఆమెకు చెప్పలేదు. తలూపింది, వాచీ ఎడమ చేతికి మార్చుకుంది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

ఎగ్జామినర్ వచ్చిన రోజు బడి పెళ్లివారిల్లులా ఉంది. ఆయన ఒంగోలు వైపు మనిషి, నాకంటే నాలుగేళ్లు పెద్ద ఉంటాడు, సన్నగా, విసుగ్గా. పొద్దున్నుంచి గిద్దలూరు వైపు బడుల్లో చూసుకుంటూ వచ్చాడు, మధ్యాహ్నానికి మా వంతు. మొదటి ముగ్గురు ట్రైనీలు చిట్కా ప్రకారం నడిపించారు. చేతుల అడవి లేచింది, జవాబులు టకటకా వచ్చాయి. ఆయన మార్కులు వేసి ఆవులించాడు. నాలుగోది ఈమె. ఎనిమిదో తరగతి, భూగర్భ జలాలు. నేను ఎగ్జామినర్ పక్కనే వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా పరీక్ష అయినా అంత భయపడి ఉండను.

మొదలు బాగానే పెట్టింది. ట్యాంకర్ దగ్గర మొదలుపెట్టి, బోర్ల దాకా తెచ్చింది. అప్పుడు అడిగింది, బోరు ఎందుకు ఎండిపోతుంది అని. చేతులన్నీ లేచాయి. వాచీ వైపు పది చేతులుంటే, అవతలి వైపు ఐదారున్నాయి. ఆమె తరగతంతా ఒకసారి చూసి, ఎడమ చెయ్యి ఎత్తి మూడో బెంచీలో కూర్చున్న అమ్మాయిని లేపింది.

ఆ పిల్ల నాకు ఆరో తరగతి నుంచి తెలుసు. నోట్లో నాలుక లేనట్టుండేది. మూడేళ్లలో ఆ పిల్ల గొంతు హాజరు పలికేటప్పుడు తప్ప వినలేదు నేను. కంగారులో ఈమె వాచీ మార్చి పెట్టుకుందేమోనని చూశాను. లేదు, ఎడమ చేతికే ఉంది. మరైతే నాకు పట్టినట్టే ఈమెకూ మతిభ్రమ పట్టిందనుకున్నాను. ఎగ్జామినర్ చూడకుండా నా కుడి చెయ్యి కొద్దిగా ఎత్తి ఊపాను. ఆమె చూడలేదు. ఇంకాస్త పైకెత్తి ఊపాను. ఎగ్జామినర్ తల తిప్పి నన్ను ఎగాదిగా చూసి, "మేడమ్, మీకు కూడా జవాబు తెలుసా?" అన్నాడు. చెయ్యి దించేశాను. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ పిల్ల లేచి నిలబడింది గాని మాట లేదు. ముందటేడు ఈమె నిలబడిపోయినట్టే ఇప్పుడు ఈ పిల్ల నిలబడిపోయింది. నేనైతే సరే కూర్చో అని ఇంకొకరిని లేపేదాన్ని. ఈమె రెండడుగులు బెంచీ దగ్గరికి పోయి, మెల్లగా అడిగింది.

"నీకు తెలియదని నాకు తెలుసమ్మా. ఏం తెలియదో చెప్పు, అది చాలు."

చాలాసేపటికి ఆ పిల్ల తల వంచుకునే చెప్పింది. "మా నాయన బోరేసినాక మా పెదనాయన బోరులో నీళ్లు పోయినాయి. మా నాయన దొంగిలించినాడని పెదనాయన మాట్లాడటంలా. పెదనాయన కూతురు అక్క నాతో బడికి రావటంలా. నీళ్లు ఆ చేనులోనుంచి మా చేనులోకి ఎట్ల వచ్చినాయో నాకు తెలీదు. మా నాయన దొంగతనం చేసినాడా మేడమ్?"

నా పక్కన ఎగ్జామినర్ పెన్ను ఆగిపోయింది. ఆ జవాబు ఏ లెసన్ ప్లాన్‌లోనూ లేదు. ఈమె మొహంలో ఒక్క క్షణం పాత భయం కనపడింది నాకు. ముందటేడు ఇక్కడే కదా ఆగిపోయింది. అయిపోయింది, దుకాణం కౌంటరే ఇక అనుకున్నాను. అనుకుని, సిగ్గు లేకుండా చెప్తున్నాను, నా పేరు కూడా పోయిందే అనుకున్నాను.

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. బడి పంపు పక్కన రెండు బొప్పాయి చెట్లున్నాయి. ఇద్దరు పిల్లలను పంపి, బొప్పాయి ఆకుల కాడలు రెండు తెప్పించింది, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. బొప్పాయి కాడ లోపల గొట్టంలా ఖాళీగా ఉంటుంది, ఈ ప్రాంతం పిల్లలు దాంతో సబ్బునీళ్ల బుడగలు ఊదుతారు. కాడలను కడిగించి, తన నీళ్ల సీసా మూత తీసి, రెండింటినీ అందులో పెట్టింది. పొట్టిదాని కొన నీళ్లలో కొద్దిగా మునిగింది, పొడుగుది అడుగుదాకా పోయింది. పొట్టి కాడ ఒకడికి, పొడుగు కాడ ఆ పిల్లకు ఇచ్చి, ఇద్దరినీ తాగమంది.

ఇద్దరూ తాగారు. నాలుగు గుక్కలకే పొట్టి కాడవాడికి నీళ్లు అందలేదు, గురగురమని గాలి వచ్చింది. తరగతి తరగతంతా పడి పడి నవ్వింది. వాడు బొప్పాయి వగరుకు మొహం చిట్లించుకుని, "మేడమ్, నా నీళ్లు ఆమె తాగేసింది" అన్నాడు. ఈమె ఆ పిల్ల వైపు తిరిగి, నువ్వు వాడి కాడలోనుంచి తాగినావా అని అడిగింది. లేదంది. వాడి సీసాలోనుంచి తాగినావా? వాడి సీసా లేదు కదా మేడమ్, ఒకటే సీసా కదా అంది ఆ పిల్ల. అని, ఆగిపోయింది. ఆ పిల్ల మొహంలో అప్పుడు వచ్చిన వెలుగు నేను ఇరవై ఆరేళ్లలో ఎన్నిసార్లు చూశానో లెక్కపెడితే ఒక చేతి వేళ్లు ఎక్కువ.

ఆ తర్వాత పాఠం ఆమె చెప్పలేదు, పిల్లలు చెప్పుకున్నారు. మా చేలో బోరు అయిదొందల అడుగులు అని ఒకడు, మాది ఏడొందలు అని ఇంకొకడు. ఇద్దరూ తాగుతానే ఉంటే పొడుగు కాడకు కూడా నీళ్లు అయిపోతాయి కదా అని ఎడమ చెయ్యి ఎత్తిన ఇంకొక పిల్లవాడు అడిగాడు. మళ్లీ సీసా ఎట్ల నింపాల అని వాళ్లలో వాళ్లే వాదులాడుకున్నారు. వాన నీళ్లు భూమిలోకి ఎట్లా ఇంకుతాయి, రాయి అడ్డం వస్తే ఏమవుతుంది అని ఒకడు అడిగితే, ఈమె "రాయి సంగతి నాకు సరిగ్గా తెలియదు, రేపు తెలుసుకుని వచ్చి చెప్తా" అంది. ఎగ్జామినర్ ముందు. గొంతు వణకకుండా. గంట కొట్టినా పిల్లలు లేవలేదు.

ఎగ్జామినర్ స్టాఫ్ రూములోకి పోయి కూర్చున్నాడు. నన్ను పిలిపించాడు. ఆమె బయట వరండాలో నిలబడి ఉంది. చేతిలో ఖాళీ సీసా. ప్లాన్ ప్రకారం చెప్పలేదు, సమయం దాటింది, లేపిన మొదటి పిల్లే తెలియదంది, ఇవన్నీ ఆయన మార్కుల కాగితంలో తప్పుల కిందే వస్తాయి. నాకు తెలుసు, ఆ కాగితం నేను చాలాసార్లు చూశాను. ముందుగా నేనే మొదలుపెట్టి, ఆమె కొత్తది సార్, కంగారుపడి ఎడమ చేతులను లేపింది అనేసి, నాలుక కరుచుకున్నాను. చిట్కా నా నోటితోనే బయటపడింది.

ఆయన నవ్వాడు. పొద్దున్నుంచి ఆ మొహంలో నవ్వు చూడటం అదే. "నేనూ అట్లనే పాసయ్యాను మేడమ్" అన్నాడు. "ఇవాళ ముగ్గురి దగ్గర కుడి చేతులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నా. మీరు చెయ్యి ఊపినప్పుడే ఈమె కావాలని చేస్తున్నదని అర్థమైంది." ఆయన మార్కుల కాగితం నా వైపు తిప్పాడు. పిల్లల జవాబులు అన్న గడిలో తక్కువే వేశాడు. ఆ గడిలో ఎక్కువ వెయ్యడానికి నిబంధన ఒప్పుకోదన్నాడు. మిగిలిన గడులన్నీ నింపి, కింద పాస్ అని రాసి సంతకం పెట్టాడు. మిగిలిన ముగ్గురితో పోలిస్తే పెద్ద మార్కులేమీ కావు. అయినా పాసే.

బయటికి వచ్చి ఆమెకు చెప్పాను. ఆమె సీసా కింద పెట్టి, రెండు చేతులతో మొహం మూసుకుని, తర్వాత ఫోన్ తీసి ఇంటికి చేసింది. ఉర్దూలో ఏదో అంది, అవతలి నుంచి అత్తగారి గొంతు పెద్దగా వినపడింది, నవ్వో ఏడుపో తెలియలేదు. ఫోన్ పెట్టేశాక నేను కోపం నటిస్తూ, కావాలనే లేపినావు కదా అని నిలదీశాను. అవును మేడమ్ అంది. అంత ధైర్యమేంది, తప్పితే ఏం చేసేదానివి అన్నాను.

"ముందటేడు నేను తెలియక నిలబడిపోతే, నీకు ఏం తెలియలేదు అని ఎవరూ అడగలా మేడమ్. అడిగి ఉంటే చెప్పేదాన్ని" అంది. "మా మామ రోజూ అడిగేదానికి కూడా జవాబు దొరికింది. ఫోన్ అడిగినోళ్లకే చెప్తది. ఎడమ చెయ్యి ఎత్తినోళ్లు దాన్ని అడగరు" అంది.

ఆ మాట నాకు నచ్చింది. ఆ సదస్సులో చెప్పాల్సింది ఈమె అనుకున్నాను. ఆమెను ఆనందంగా సాగనంపి, ఇక నేను కూడా నాలుగున్నర బస్సు అందుకుందామని సంచి భుజాన వేసుకుని బయల్దేరాను. మనసు తేలిగ్గా ఉంది. నా పేరు కూడా నిలబడింది కదా.

పంపు దగ్గర ఆ పిల్ల కనపడింది. రెండు బొప్పాయి కాడలను జాగ్రత్తగా కడిగి కాగితంలో చుట్టుకుంటున్నది. ఎందుకమ్మా అంటే, పెదనాయనకు చూపిస్తా మేడమ్ అంది. ముచ్చటేసి దగ్గరికి తీసుకున్నాను. ఇంత మంచి సందేహం మనసులో పెట్టుకుని మూడేళ్లుగా నన్ను ఒక్కసారైనా ఎందుకు అడగలేదే అని ముద్దుగానే కసురుకున్నాను.

ఆ పిల్ల ఆశ్చర్యంగా నా వైపు చూసింది. "రోజూ చెయ్యి ఎత్తినా కదా మేడమ్" అంది. "తెలీదని."

ఎడమ చెయ్యి ఎత్తితే టీచరు చూసి వదిలేస్తుందని నేను అనుకున్నాను. ఎడమ చెయ్యి ఎత్తితే టీచరు వచ్చి చెప్తుందని ఆ పిల్ల అనుకుంది. ఆరో తరగతి నుంచి, రోజూ, ఎదురుచూస్తూ. నేను రోజూ ఆ చేతిని చూశాను. చేతుల అడవి ఎంత బాగుందో అని మురిసిపోయాను.

అప్పుడే బయల్దేరితేగాని నాలుగున్నర బస్సు అందదు. పోనిచ్చాను. పంపు గట్టు మీద సంచి పెట్టి కూర్చుని, ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఏమేం తెలియదో ఇప్పుడు చెప్పమన్నాను.

ఆ పిల్ల కాడల చుట్టను ఒళ్లో పెట్టుకుని, "ఎన్ని చెప్పమంటారు మేడమ్?" అని అడిగింది.